ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో, అంటే బడి నడపడంలో, డిగ్రీ చేస్తే జీతం పెరుగుతుందా?

పెరగదు. ముందే చెప్పేశాను, ఆ ఒక్క ముక్క కోసం వచ్చినవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు.

మిగిలినవాళ్ళకి నా సంగతి. నాకు 43 ఏళ్ళు. 17 ఏళ్ళుగా ప్రైవేటు బడుల్లో సోషల్ చెబుతున్నాను, ఇప్పుడున్నది విశాఖలో గాజువాక దాటాక ఒక బడి, ఆఖరి ఆరేళ్ళూ కోఆర్డినేటర్‌ని కూడా. కోఆర్డినేటర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి: జీతం టీచర్‌ది, తిట్లు ప్రిన్సిపాల్‌వి. ఏడాదిన్నర నుంచి ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో ఆన్‌లైన్ పి.జి. చేస్తున్నాను. రాత్రి వంటిల్లు సర్దేశాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా క్లాసు వినడం, ఆదివారం అసైన్‌మెంట్ రాయడం, మధ్యలో అత్తయ్యగారు తలుపు తోసి "ఇంకా ఆ ఫోన్లోనే ఉన్నావా" అనడం. ఆవిడ లెక్కలో లాప్‌టాప్ కూడా ఫోనే.

ఈ ఏడాదిన్నరలో ఏం చదువుతున్నావని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. చేస్తే ఏమొస్తుందనే అందరూ అడిగారు. పక్కింటి వదిన అడిగింది, మా ఆడపడుచు అడిగింది, బడిలో బస్సుల ఇన్‌ఛార్జి అడిగాడు. మా ఆయా ఒక్కతే కాస్త వేరుగా అడిగింది: "ఏటి మేడమ్, పిల్లలకి పరీక్షలెట్టాల్సింది మీరు కదా, మీకెవులెడతన్నారు?" ఆ ప్రశ్నకి మాత్రం నవ్వొచ్చింది.

సరే, ఏమొస్తుందో లెక్కే చెబుతాను. మన రాష్ట్రంలో ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టర్ ప్రమోషన్ సీనియారిటీ మీద నడుస్తుంది, ఈవోటీ, జీవోటీ డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై ఉండాలి. లీడర్‌షిప్ చదివావా అని అక్కడ ఎవరూ అడగరు. ప్రైవేటు బడుల్లో పి.జి., బి.ఇడి., కొన్నేళ్ళ అనుభవం చూస్తారు, ఆ తర్వాత చూసేది అడ్మిషన్లు ఎన్ని తేగలవని. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ అవ్వాలంటే లైసెన్సు కావాలి, దానికి సాధారణంగా ఇలాంటి మాస్టర్స్ చదవాలి, పనిచేస్తున్న ప్రిన్సిపాల్ దగ్గర ఇంటర్న్‌షిప్ కూడా చెయ్యాలి. అందుకే అక్కడ ఈ డిగ్రీకి అంత గిరాకీ. "మా అబ్బాయి అక్కడే ఉన్నాడు, నేను ఇక్కడ కూర్చుని అక్కడి డిగ్రీ ఆన్‌లైన్‌లో చేసేస్తాను" అన్నవాళ్ళు ఇద్దరు తగిలారు నాకు. అమ్మా, ఆ లైసెన్సు ఆ రాష్ట్రానిది. మధురవాడలో చూపిస్తే ఎవరికీ అర్థం కాదు. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందో లేదో తేల్చుకోకుండా డాలర్లలో ఫీజు కట్టకండి.

ఇక కోర్సుల్లో చేర్పించడానికి ఫోన్లు చేసే వాళ్ళు. ఒక్కసారి ఏదో వెబ్‌సైట్‌లో నంబరు ఇచ్చిన పాపానికి నాకు రోజుకి ఆరు ఫోన్లు వచ్చాయి. "మేడమ్, ఈరోజే లాస్ట్ డేట్, మీకు స్పెషల్ స్కాలర్‌షిప్, ఈఎమ్ఐ కూడా ఉంది." రేపు చేస్తే రేపు కూడా ఆఖరి రోజే. వాళ్ళ మాట వినొద్దు. యు.జి.సి. డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో మీరే చూసుకోండి. నాణ్యత చూసి ఇచ్చే నాక్ స్కోరు గానీ, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకు గానీ బాగా ఉన్న యూనివర్సిటీలకే ఆన్‌లైన్ డిగ్రీలు ఇచ్చే అనుమతి దొరుకుతుంది. అలా అనుమతి ఉన్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే, అందులో అనుమానం అక్కర్లేదు. చేరేముందు ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో డెబ్ ఐడీ (పైన చెప్పిన డిస్టెన్స్ బ్యూరో వాళ్ళది) తీసుకోవాలి, అది మీ చేత్తో మీరే చేసుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. "బి.ఇడి. కూడా ఆన్‌లైన్‌లో ఇప్పించేస్తాం మేడమ్" అన్నాడంటే ఇంకో మాట లేకుండా ఫోన్ పెట్టేయండి, అలాంటిది లేదు. డబ్బు పెట్టేముందు రుచి చూద్దాం అనుకుంటే ఢిల్లీలో నీపా అని కేంద్ర ప్రభుత్వ విద్యా సంస్థ ఉంది, అందులోని నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఉచితం. ఇగ్నోలో ఎం.ఎ. ఎడ్యుకేషన్‌లో ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ తీసుకోవచ్చు, వాళ్ళ రీజినల్ సెంటర్ విశాఖలోనే ఉంది.

అయిపోయింది, లెక్కలు చాలు. అసలు నాకు ఒళ్ళు మండేది వేరే మాటకి. "మన పాత హెడ్మాస్టర్లు ఏ లీడర్‌షిప్ డిగ్రీలు చదివారు?" అంటారు. అన్నవాళ్ళకి తాము భలే మాట అన్నామని గొప్ప తృప్తి.

నిజమే, చదవలేదు. నేను మొదట పనిచేసిన బడి ప్రిన్సిపాల్‌గారు చదవలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, ఊళ్ళో చెట్టు మిగల్లేదు, మా బడి మేడ మీద రేకులు వెళ్ళి పక్క వీధిలో పడ్డాయి, ఆఫీసు గదిలో రిజిస్టర్లు అన్నీ తడిసి ముద్ద. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆయన సైకిలు మీద టీచర్ల ఇళ్ళకి వెళ్ళారు. బడికి రండి అనడానికి కాదు, ఇల్లు నిలబడిందా, తాగడానికి నీళ్ళు ఉన్నాయా అని అడగడానికి. వారం తర్వాత బడి ఊడ్చుకోవడానికి ఎవరినీ పిలవలేదు ఆయన, మేమే వెళ్ళాం. ఇంటి పైకప్పు పోయిన మాస్టారు కూడా వచ్చారు. తడిసిన అడ్మిషన్ రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటీ విడదీసి తాడు కట్టి ఆరబెట్టాం, బట్టలు ఆరేసినట్టు.

ఆయన రెండేళ్ళకి రిటైరయ్యారు. ఆ తర్వాత ఏడాదిలో తొమ్మిది మంది మానేశాం. కొత్తగా వచ్చినాయన చెడ్డవాడేం కాదు, ఆయనకి తెలియలేదు అంతే. పాతాయన ఏం చేసేవారో, ఎందుకు అలా చేసేవారో మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. "ఆయన దేవుడండీ" అనేవాళ్ళం. దేవుడు అనేస్తే ఇంక నేర్చుకునేదేముంది? ఆయన విద్య ఆయనతోనే వెళ్ళిపోయింది. వంటకైనా అమ్మ పక్కన నిలబడితే ఉప్పెంతో తెలుస్తుంది. బడి నడపడానికి మాత్రం పదిహేనేళ్ళు బాగా పాఠం చెప్పినవాళ్ళని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడతాం, పాఠం చెప్పడం వేరు, పాఠం చెప్పేవాళ్ళతో పని చేయడం వేరు అని ఎవరూ అనుకోరు.

ఈ కోర్సు గొప్పదని నేను అనను. సగం ఉదాహరణలు అమెరికా స్కూల్ డిస్ట్రిక్టులవి, సూపరింటెండెంట్ (అక్కడ ఆ డిస్ట్రిక్టు బడులన్నిటికీ పై అధికారి) ఇలా అన్నాడు, స్కూల్ బోర్డు ఎన్నికలు అలా జరిగాయి అని. సూపరింటెండెంట్ అంటే మనకి జైలో, కేజీహెచ్ ఆసుపత్రో గుర్తొస్తుంది. అందులో ప్రిన్సిపాల్ తనకు కావలసిన టీచర్‌ని తనే ఎంచుకుంటాడు, బడ్జెట్ వేస్తాడు. మా దగ్గర ప్రిన్సిపాల్‌కి ఫ్యాను రిపేరు చేయించాలన్నా కరస్పాండెంట్‌గారి సంతకం కావాలి. ఎండాకాలం వస్తే ప్రిన్సిపాల్ దగ్గర నుంచి నర్సరీ టీచర్ దాకా కరపత్రాలు పట్టుకుని కూర్మన్నపాలెం, వడ్లపూడి వీధుల్లో క్యాన్వాసింగ్. జాతీయ విద్యా విధానం 2020 టీచర్లకీ ప్రిన్సిపాళ్ళకీ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ గంటలు మా దగ్గర ఎలా పూర్తవుతాయంటే, స్టాఫ్‌రూమ్‌లో ఒక ఫోన్లో వీడియో మోగుతూ ఉంటుంది, అందరం నోట్సులు దిద్దుకుంటూ ఉంటాం, చివర్లో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతాం. (నేనూ పెట్టాను. ఇప్పుడు నీతులు చెప్పడం లేదు.)

కానీ రెండో సెమిస్టర్‌లో ఒక పాఠం నన్ను నిద్రపోనివ్వలేదు. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి 1939లో ప్రచురించిన ప్రయోగం. పదేళ్ళ మగపిల్లల్ని చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, ముఖానికి పెట్టుకునే మాస్కులు చేయడంలాంటి పనులిచ్చారు. ఒక రకం పెద్దాయన అన్నీ తనే చెప్పి చేయిస్తాడు, ఇంకో రకం పిల్లలతో మాట్లాడి వాళ్ళ చేతే నిర్ణయం చేయిస్తాడు, మూడో రకం పట్టించుకోడు. మొదటి రకం గుంపులో పెద్దాయన ఉన్నంతసేపు పని బాగానే సాగింది. ఆయన గది దాటి బయటికెళ్ళగానే పడిపోయింది. రెండో గుంపులో ఆయన వెళ్ళినా పని నడిచింది.

అది చదివి లాప్‌టాప్ మూసేశాను. ఎందుకంటే నేను కారిడార్‌లో వస్తుంటే నా చెప్పుల చప్పుడు విని టీచర్లు బోర్డు మీద తేదీ రాస్తారు. ఆ చప్పుడు చూసుకుని నేను ఆరేళ్ళు గర్వపడ్డాను. అంతా కంట్రోల్‌లో ఉంది అనుకున్నాను.

ఆ నెలలోనే క్లాస్ అబ్జర్వేషన్ అసైన్‌మెంట్ వచ్చింది. ఆరేళ్ళుగా నేను చేస్తున్న పనే కదా అనుకున్నాను. నా పద్ధతి: ఫారం పట్టుకుని చెప్పకుండా వెళ్ళడం, వెనక కూర్చోవడం, వాయిస్‌కి పదికి ఎంత, బోర్డు వర్క్‌కి పదికి ఎంత, సంతకం పెట్టించుకోవడం. కోర్సులో చెప్పింది అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో మోరిస్ కోగన్ వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి. ముందు రోజు టీచర్‌తో కూర్చుని, రేపు నీ క్లాసులో నన్ను ఏం చూడమంటావు అని ఆవిడనే అడగాలి. వెళ్ళి ఆ ఒక్కటే చూసి, చూసింది చూసినట్టు రాసుకోవాలి, బాగుంది బాగాలేదు అని రాయకూడదు. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ కాగితం చూడాలి.

మాకు కొత్తగా చేరిన ఒక లెక్కల టీచర్ ఉంది, పాతికేళ్ళ పిల్ల. లీజర్ పీరియడ్‌లో పిలిచి, రేపు మీ క్లాసుకి వస్తాను, ఏం చూడమంటావు అని అడిగాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మేడమ్, నేనేం తప్పు చేశానండీ?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్ళలో మంచి చెప్పడానికి నేను ఎవరి క్లాసుకీ వెళ్ళలేదని అప్పుడు తెలిసింది నాకు. పది నిమిషాలు బతిమాలాక, "నేను ప్రశ్న అడిగితే ఎవరు చెబుతున్నారో చూడండి మేడమ్" అంది. చూశాను. క్లాసు మ్యాపు గీసుకుని గీతలు పెట్టాను. 40 నిమిషాల్లో 22 ప్రశ్నలు, జవాబులు చెప్పింది ఐదుగురు, ఐదుగురూ ముందు రెండు బెంచీల్లోనే. ఆ కాగితం చూపిస్తే నేనేమీ అనకముందే, "అయ్యో, కిటికీ వైపు నేను అసలు చూడనే చూడట్లేదు మేడమ్" అంది. అంతే. నేను ఫారంలో ఇంటరాక్షన్‌కి పదికి ఆరు వేసి ఉంటే ఏడుచుకుంటూ వెళ్ళి ఉండేది, కిటికీ వైపు మాత్రం చూసేది కాదు.

ఈ సంగతి మీటింగ్‌లో సంబరంగా మా కరస్పాండెంట్‌గారికి చెప్పాను. "బాగుంది మేడమ్, కానీ మార్కులేవి? మార్కులు లేకపోతే ఇంక్రిమెంట్ ఎలా డిసైడ్ చేస్తాం?" అన్నారు. ఇంక్రిమెంట్ ఇచ్చి మూడేళ్ళయిందని ఆయనకి గుర్తు చేయలేదు. అదే మీటింగ్‌లో, డిగ్రీ పూర్తయ్యాక చెప్పండి, అడ్మిషన్ ఫ్లెక్సీ మీద మీ ఫొటో వేయిద్దాం అన్నారు. అంటే డిగ్రీ కావాలి, డిగ్రీలో చెప్పింది మాత్రం వద్దు. జీతం పెరుగుతుందా అని అడిగే వదినకీ ఈయనకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు, ఆవిడ కనీసం నా మంచి కోరి అడిగింది.

నేనేమైనా ప్రిన్సిపాల్ అవుతానా అంటే తెలియదు, అవ్వకపోవచ్చు. వచ్చే నెల పరీక్షలు, కెమెరా ముందు కూర్చుని రాయాలి, గదంతా తిప్పి చూపించాలి, ఎవరూ రాకూడదు, కుక్కరు కూత పెట్టినా నాకు టెన్షనే. అత్తయ్యగారికి చెప్పాను, "ఆ మూడు గంటలూ గుడికి పోతాలే" అన్నారు. ఈ కోర్సులో నాకు దొరికిన పెద్ద స్కాలర్‌షిప్ అదే.

మొన్న శుక్రవారం ఆ లెక్కల పిల్లే వచ్చింది, "మేడమ్, ఈసారి 7-బీకి రండి, మధ్యాహ్నం పీరియడ్‌లో పిల్లలు ఎక్కడ డల్ అయిపోతున్నారో చూడాలి" అని. తనతో తెలుగు మాస్టారు కూడా వచ్చారు, ఆయన నాకంటే సీనియరు, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను క్లాసులోకి నవ్వుతూ రానివ్వలేదు. "మంగళవారం నాదీ చూడమ్మా" అన్నారు.

వెళ్తున్నాను. ఫారం ఆఫీసులో ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను, అందరికీ అన్నిటికీ పదికి ఎనిమిది వేసి. మా కరస్పాండెంట్‌గారు ఈ పోస్టు చదివితే చదవనివ్వండి.