కొత్త డిస్కు ఒకటి వద్దు, పాతవి రెండు కొనండి

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: ‘అన్నా, ఫొటోల బ్యాకప్ కోసమైతే కొత్తదే తీస్కో, పాతదాంతో రిస్క్ ఎందుకు?’ మంచి మనసుతో చెప్పే సలహానే, కాదనను. కానీ తప్పు సలహా. కొత్త హార్డ్ డిస్కు ఒకటి కొని, పదేళ్ల ఫొటోలన్నీ అందులో పోసి, ఫోన్లో ఉన్నవి డిలీట్ చేసి, డిస్కును బీరువాలో పెట్టి తాళం వేసినవాడే అసలు రిస్క్‌లో ఉన్నాడు. దాదాపు అదే డబ్బుతో డేటా సెంటర్ల (కంపెనీలు వేలకొద్దీ సర్వర్లు నడిపే చోట్ల) నుంచి వచ్చిన రీఫర్బిష్డ్, అంటే వాడి, పరీక్షించి మళ్లీ అమ్మే డిస్కులు రెండు కొని, రెండింట్లోనూ ఒకే డేటా పెట్టుకున్నవాడికి టెన్షన్ లేదు.

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, కారణాలు అందరికీ తెలిసినవే. గూగుల్ ఫొటోస్‌లో ఎంతైనా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. 15 జీబీ ఎవరికీ ఏ మూలకూ రాదు. ఏఐ డేటా సెంటర్లు పెద్ద డిస్కులను గంపగుత్తగా కొనేస్తుండడంతో 2025 చివరి నుంచి కొత్తవాటి ధరలు మామూలు ఇంటివాళ్లకు అందకుండా పోతున్నాయి. మరోపక్క అవే డేటా సెంటర్లు నాలుగైదేళ్లు వాడిన డిస్కులను తీసేసి, ఇంకా పెద్దవి పెట్టుకుంటాయి. అలా తీసేసిన పది, పన్నెండు, పద్నాలుగు టెరాబైట్ల డిస్కులే మన మార్కెట్‌కు వస్తున్నాయి. అవి చెడిపోయి బయటికి వచ్చినవి కావు. ర్యాక్‌లో అంతే చోటులో ఎక్కువ డేటా పట్టే డిస్కు వచ్చింది కాబట్టి వాటి సీటు పోయింది, అంతే.

ఇక లెక్కలోకి వద్దాం. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ క్లౌడ్ స్టోరేజీ కంపెనీ తన దగ్గర తిరుగుతున్న డిస్కుల్లో ఎన్ని చెడిపోయాయో 2013 నుంచి బహిరంగంగా ప్రకటిస్తోంది. లక్షల డిస్కుల మీద తీసిన లెక్క అది. ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి వందలో ఒకటీ రెండూ మధ్య పోతున్నాయి. కొత్త డిస్కుకు వందకు ఒకటిన్నర అని వేసుకుందాం. పాతదాన్ని కావాలనే తక్కువ చేసి వందకు ఐదు పోతాయనుకుందాం. కొత్త డిస్కు ఒక్కటే పెట్టుకున్న 66 ఇళ్లలో ఒక ఇంటికి ఏడాదిలో అన్నీ గల్లంతు. పాతవి రెండు పెట్టుకున్న ఇళ్లలో అదే ఏడాది రెండూ పోవడం 400 ఇళ్లలో ఒక ఇంట్లోనే జరుగుతుంది. ఒకటి పోగానే మిగిలినదాంట్లోంచి ఇంకో డిస్కులోకి కాపీ చేసుకుంటాం కాబట్టి నిజానికి ప్రమాదం ఇంకా తక్కువ. మూడింతలు నాసిరకమని మనమే ముద్ర వేసిన సరుకు, జత కట్టేసరికి కొత్తదాన్ని ఆరింతల తేడాతో ఓడించింది. ఈ లెక్క ముందు కొత్త ప్యాకింగ్, సీలు, బిల్లు ఏవీ నిలవవు.

ఒక్క షరతు ఉంది. రెండు డిస్కులూ ఒకే దెబ్బకు పోకూడదు. వరంగల్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా వెంట, హంటర్ రోడ్డు కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూశాం. ఒకే అల్మారాలో పక్కపక్కన పెడితే అవి రెండు డిస్కులు కావు, ఒకటే. హంటర్ రోడ్డులో ఉండేవాళ్లు రెండోదాన్ని నర్సంపేటలో అత్తగారింట్లో పెట్టాలి. పండక్కి వెళ్లినప్పుడు తెచ్చి, కొత్త ఫొటోలు ఎక్కించి, మళ్లీ అక్కడే ఇచ్చి రావాలి. పిడుగుపాటుకో, ల్యాప్‌టాప్‌లోకి దూరి ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కో ఇంట్లోది పోయినా, ప్లగ్గు తీసి ఊళ్లో పెట్టిన డిస్కు జోలికి ఎవరూ వెళ్లలేరు.

మోసాలు జరుగుతాయి కదా అంటారు. జరుగుతాయి. వేల గంటలు తిరిగిన డిస్కుకు మీటర్ సున్నాకు తిప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. కానీ 2025 మొదట్లో జర్మనీలో బయటపడిన సీగేట్ కంపెనీ ఎక్సోస్ డిస్కుల వ్యవహారం చూడండి. డీలర్ల చేతులు మారుతూ వచ్చిన వాడిన డిస్కులను జనానికి ‘కొత్తవి’ అని అంటగట్టారు. పైకి కనిపించే రీడింగులు చెరిపేశారు, లోపల ఉండే ఫార్మ్ లాగ్ (డిస్కు తన వాడకాన్ని తానే రాసుకునే చిట్టా) చెరపడం మరిచారు. అలా దొరికిపోయారు. మోసపోయింది కొత్తవి కొంటున్నామనుకున్నవాళ్లు! పాతదని తెలిసి కొనేవాడు కనీసం పరీక్షించుకుంటాడు.

పరీక్ష కష్టమేమీ కాదు. మన రైతు పాత ట్రాక్టర్ కొనేముందు రంగు చూడడు. అవర్ మీటర్ చూస్తాడు, స్టార్ట్ చేసి చప్పుడు వింటాడు, దున్ని చూస్తాడు. డిస్కుకూ అంతే. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎన్ని గంటలు తిరిగిందో పైనే కనిపిస్తుంది. 30, 40 వేల గంటలు చూసి కంగారు పడొద్దు. ఐదేళ్లు ఆగకుండా తిరిగితే 43,800 గంటలవుతుంది, డేటా సెంటర్ డిస్కును అలా తిరగడానికే తయారుచేస్తారు. చూడాల్సింది కింది వరసలు. డిస్కులో పాడైన, అనుమానమున్న చోట్లను లెక్కపెట్టే 05, సీ5, సీ6 అని మూడు వరసలుంటాయి, వాటికి ఎదురుగా కుడిచివర గడిలో అన్నీ సున్నాలే ఉండాలి. పన్నెండు సున్నాల్లో ఏ చివరనో ఒక అంకె కనిపించినా డిస్కు వెనక్కి ఇచ్చేయండి, షాపతను ఎంత నచ్చజెప్పినా సరే. సీ7లో అంకె ఉంటే మాత్రం చాలాసార్లు తప్పు కేబుల్‌ది, డిస్కుది కాదు.

ఆ తర్వాత క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టాలి. పన్నెండు టెరాబైట్ల డిస్కుకు 18, 20 గంటలు పడుతుంది. ఓపిక పట్టండి. లోపలి ప్రతి మూలా ఒకసారి రాసి చూసినట్టవుతుంది, బలహీనమైన డిస్కు ఆ దెబ్బకే బయటపడుతుంది. ఇదంతా వాపసు గడువులోపే చేయాలి. వారంటీ బిల్లు మీద రాయించుకోవాలి, నోటిమాట కుదరదు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి కొనేవాళ్లయితే ఇది మరీ ముఖ్యం, రెండోసారి పోవడమంటే ఇంకో రోజు పని పాడు.

ఇంకొన్ని చిక్కులున్నాయి. లేబుల్ మీద కంపెనీయే ‘రీసర్టిఫైడ్’ అని అచ్చేసిన డిస్కులో గంటలు సున్నా ఉంటే తప్పు కాదు, ఫ్యాక్టరీలోనే తిప్పి పంపుతారు. ఎవరో షాపువాడు స్టిక్కర్ అంటించిన డిస్కులో సున్నా ఉంటే అనుమానించాలి. చవగ్గా దొరికే వాటిలో సర్వర్లకు వాడే శాస్ రకం చాలా ఉంటాయి. చూడ్డానికి ఇంటి కంప్యూటర్లలో ఉండే సాటా రకం లాగే ఉన్నా కనెక్టర్ మధ్యలో ఖాళీ పూడి ఉంటుంది, ఇంటి కంప్యూటర్‌కు అది ఎక్కదు. ఈ పెద్ద డిస్కులు యూఎస్‌బీ కరెంటుతో నడవవు, 12 వోల్టుల అడాప్టర్ ఉన్న డాక్ (డిస్కును గుచ్చి కంప్యూటర్‌కు కలిపే స్టాండు) కొనాలి. సీసీ కెమెరా డబ్బాల్లోంచి ఊడదీసిన డిస్కును రీఫర్బిష్డ్ పేరుతో ఇస్తే వద్దనండి. రామగుండం, పెద్దపల్లి వైపు మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో గంటలకొద్దీ కాపీ చేసేటప్పుడు డాక్ మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టండి.

క్లౌడ్ ఉంది కదా అనేవాళ్లకు ఒక్కటే చెప్తా. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో నాలుగు టెరాబైట్లు ఎక్కించడానికి రాత్రింబవళ్లు తొమ్మిది రోజులకు పైనే పడుతుంది. ఆ తర్వాత బతికున్నంత కాలం అద్దె.

ఇంటి ఫొటోల సంగతి పక్కన పెడితే, నన్ను అసలు కలవరపెట్టేది వేరే ఉంది. ఇప్పుడు ఒక పెళ్లికి ఎదురుకోలు నుంచి బరాత్ దాకా ఫోర్‌కేలో తీస్తే గంటకు 45 జీబీ ఖర్చవుతుంది. రెండు మూడు కెమెరాలు నడిస్తే అర టెరాబైటు తేలిగ్గా దాటుతుంది. స్టూడియోవాళ్లు కొన్నాళ్లు ఉంచి, తర్వాత చెరిపేసి ఆ డిస్కునే ఇంకో పెళ్లికి వాడుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఇదే స్టూడియోల అటకల మీద, ఇదే ఊళ్ల కేబుల్ చానళ్ల విలేకర్ల ఇళ్లలో తెలంగాణ ఉద్యమం ఉంది. అప్పటి వీడియో కెమెరాల్లో వాడిన చిన్న మినీడీవీ క్యాసెట్లలో ఉంది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వండుకుని తిన్న జనం, కాకతీయ యూనివర్సిటీ గేటు ముందు పిల్లలు, పల్లెల్లో ధూంధాం పాటలు. హైదరాబాద్ చానళ్లకు పంపిన రెండు నిమిషాల ముక్కలు ఎక్కడో ఉండొచ్చు. మిగతా 58 నిమిషాలు క్యాసెట్‌లోనే ఉండిపోయాయి. ఒగ్గు కథలు, శారద కథలు రికార్డు చేసిన ఆడియో టేపులదీ ఇదే గతి. ఏటేటా బూజు పడుతోంది.

మినీడీవీలో గంటకు 13 జీబీ. వెయ్యి క్యాసెట్లు 13 టెరాబైట్లు. అంటే చేతిలో పట్టే ఒక పాత పద్నాలుగు టెరాబైట్ల డిస్కులో ఉమ్మడి వరంగల్ జిల్లా ఉద్యమ జ్ఞాపకాల్లో వెయ్యి గంటలు పడతాయి. రెండు డిస్కులు కొని ఒకటి హనుమకొండలో 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో, ఇంకొకటి కాకతీయ యూనివర్సిటీలో పెడితే వరద వచ్చినా ఒకటి మిగులుతుంది. దీనికి ప్రభుత్వ ప్రాజెక్టు, టెండరు, రాజధానిలో భవనం ఏమీ అక్కర్లేదు. దశాబ్ది ఉత్సవాలకు కట్టిన ఫ్లెక్సీల ఖర్చులో ఇవి ఏ లెక్కలోకీ రావు. ఉద్యమం పేరు చెప్పుకుని పదవులెక్కినవాళ్లలో ఒక్కరికీ ఈ ఆలోచన రాకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించడం లేదు.

అసలు ఇబ్బంది డిస్కు దగ్గర లేదు. క్యాసెట్‌లోంచి కంప్యూటర్‌లోకి దించడానికి గంట క్యాసెట్‌కు గంటా పడుతుంది. వెయ్యి గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు నెలలు ఒక మనిషి కూర్చోవాలి. కెమెరాను కలపడానికి ఫైర్‌వైర్ పోర్టున్న పాత డెస్క్‌టాప్ కావాలి, హెడ్ అరగని మినీడీవీ కెమెరా కావాలి. ఆ కెమెరాలు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. హనుమకొండ, కాజీపేట, జనగామ స్టూడియోల్లో అలాంటివి పనిచేసే స్థితిలో ఎన్ని మిగిలాయో ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఈ నెలలోనే లెక్క తీయాలి.