శాలువా కింద 5

ఆగస్టు 29న పర్లాకిమిడిలో గిడుగు జయంతి సభకు వెళ్లి, ప్రధాన సంఖ్యల గురించి నాకున్న పాత అభిప్రాయాలన్నీ మార్చుకుని వచ్చాను. అంతా ముఖ్య అతిథిగారి చలవ.

వేదిక వెనక ఫ్లెక్సీ. దాని మీద చదరంగం బల్ల కథ: మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. మన భాష కూడా అలా రెట్టింపవ్వాలట. ఆశ మంచిదే. కానీ అతిథిగారి నిలువెత్తు ఫోటోకు చోటు చాలక, చివరి 5 ఆయన శాలువా కింద పడిపోయింది. గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే 46 వేల కోట్ల టన్నుల బియ్యం, ఒక్క భుజం దెబ్బకు పదో వంతుకు దిగింది. ధాన్యం మండీలో తరుగు తీసేవాళ్లను ఇన్నాళ్లూ అన్యాయంగా తిట్టుకున్నాం. పాపం, క్వింటాలుకు కొన్ని కిలోలతో సరిపెట్టుకునే అల్పసంతోషులు.

"ఇది ప్రధాన సంఖ్య. దీన్ని ఎవరూ భాగించలేరు, మన ఐక్యత లాగే!" అన్నారు అతిథిగారు. నడవాకు ఆ పక్క ఒక సంఘం, ఈ పక్క దాని నుంచి చీలిన సంఘం కూర్చుని చప్పట్లు కొట్టాయి.

నిజానికి అది ఏడు ముక్కలయ్యే సంఖ్య: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641ని 6700417తో గుణిస్తే వచ్చే 4294967297ను ఫెర్మా అంతటి గణితజ్ఞుడు ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ వచ్చి, 641తో పోతుందని తేల్చాడు. ఫెర్మా పొరపాటుకు ఒక గౌరవం ఉంది. ఆయన సంఖ్య చివర కనీసం 7 ఉంది.

అప్పుడు ముందు వరుసలో ఆరో తరగతి పిల్ల లేచింది. చేతిలో నోటు పుస్తకం, పేజీల పొడవునా రెట్టింపులు, చివరి అంకెల చుట్టూ ఎర్ర పెన్సిల్ గీతలు. 2, 4, 8, 6. మళ్లీ 2, 4, 8, 6.

"అరవై నాలుగోసారి చివర 6 వస్తుందండీ. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ, అంటే చివర 5. ఐదుతో పోతుంది కదండీ?"

అతిథిగారు ఫ్లెక్సీ వైపు తిరిగారు. తన ఫోటోను తృప్తిగా చూసుకున్నారు. సంఖ్యను ఎడమ నుంచి కుడికి, తన భుజం దాకా చదివారు. "5 ఎక్కడుందమ్మా?" అన్నారు.

"కూర్చో తల్లీ, పెద్దలు మాట్లాడుతున్నారు" అన్నాడు సభాధ్యక్షుడు.

ఇక నవ్వలేను. ఆ పిల్ల చదివే తెలుగు బడిలో లెక్కల మాస్టారు రిటైరై మూడేళ్లయింది, ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆ రెట్టింపులన్నీ తనంతట తానే వేసుకుంది. గిడుగు రామమూర్తి ఈ ఊళ్లోనే బడిపంతులు. సవర గిరిజన పిల్లల మాట ఎవరికీ పట్టని రోజుల్లో వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టాడు. ఆయన పటానికి దండ వేసి, ఆ పటం ఎదుటే ఒక పిల్ల నోరు మూయిస్తారా? సిగ్గనిపించదా? ఏటా శాలువాలకు దొరికే డబ్బు ఒక్క మాస్టారికి దొరకదా?

పిల్ల కూర్చుంది. అతిథిగారికి రెండో శాలువా కప్పారు. వెనక వరుస నుంచి చూస్తున్నాను: ఆ పిల్ల పేజీ తిప్పి, ఇరవై అంకెలూ ఒక్కొక్కటే కూడింది. 87 వచ్చింది. దాని పక్కన చిన్నగా రాసుకుంది: "3తో కూడా".