లూమ్ సీడీలో మాటలు వినిపించకపోతే

పాత అడ్వెంచర్ ఆటలన్నిటికీ డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాముల్ని నేటి కంప్యూటర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) ఒక్కటే చాలని ఒక వ్యాసంలో రాశారు. లూకాస్‌ఆర్ట్స్ కంపెనీ పాయింట్ అండ్ క్లిక్ (మౌస్‌తో నొక్కుతూ ఆడే) ఆటలకు మాత్రం స్కమ్‌వీఎమ్ అనే సాఫ్ట్‌వేర్ ఎంతో మేలు. అది ఆటలోని అసలు ప్రోగ్రామ్ జోలికి పోకుండా డేటా ఫైళ్లనే చదువుతుంది. అందుకే 64-బిట్ విండోస్‌లో పాత ప్రోగ్రామ్ నడవదన్న బెడద లేదు.

ఎక్కువమంది ఇరుక్కునేది ఆ కంపెనీ ఆటల్లో ఒకటైన లూమ్ సీడీ వెర్షన్ దగ్గర. పాత్రల మాటలు డేటా ఫైళ్లలో ఉండవు, పాటల సీడీలో లాగా ఆడియో ట్రాక్‌గా ఉంటాయి. కాబట్టి ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే ఆట మొదలవుతుంది కానీ ఎవరి గొంతూ వినిపించదు. సీడీ రిప్పర్‌తో (సీడీలోని ఆడియోను ఫైలుగా మార్చే ప్రోగ్రామ్) ఆ ట్రాక్‌ను ఫ్లాక్ అనే ఆడియో ఫైలుగా తీసి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘track1’ అని పేరు పెట్టి, ఆట ఫోల్డర్‌లోనే ఉంచండి. మధ్యలో నిశ్శబ్దం ఉందని కత్తిరించకండి! ఏ మాట ఎన్నో సెకనులో ఉందో ఆట లెక్కపెట్టుకుని ప్లే చేస్తుంది, కాస్త జరిగినా సగం సగం మాటలే వస్తాయి.

ఇంకొకటి, స్కమ్‌వీఎమ్ గ్రాఫిక్స్ ట్యాబ్‌లో యాస్పెక్ట్ రేషియో కరెక్షన్ (బొమ్మ వెడల్పు-ఎత్తుల నిష్పత్తిని సరిచేసేది) ఆన్ చేయండి. 320×200 బొమ్మలు 4:3 మానిటర్ కోసం గీసినవి, అది లేకపోతే మొహాలు అణిగిపోయినట్టు కనిపిస్తాయి.