సవరణ: టార్చిలైటుకు ఛార్జింగ్ బ్యాటరీలు పనికొస్తాయి

నర్సంపేట, పరకాల వైపు రాత్రిపూట పొలంలో మోటారు దగ్గరికి వెళ్లే రైతుల కోసం టార్చిలైట్ల గురించి రాస్తూ, ఛార్జింగ్ పెన్సిల్ బ్యాటరీలు 1.2 వోల్టులే ఇస్తాయి కనుక వెలుగు చాలదని అన్నాను. అది పొరపాటు.

తయారీదారులు ప్రచురించే సాంకేతిక పత్రాల ప్రకారం, ఆల్కలైన్ బ్యాటరీ (ఒకసారి వాడి పారేసేది) 1.5 వోల్టుల దగ్గర మొదలైనా వాడేకొద్దీ దిగిపోతూనే ఉంటుంది. నేను చెప్పిన ఛార్జింగ్ రకం, అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మాత్రం దాదాపు ఖాళీ అయ్యేదాకా 1.2 దగ్గరే నిలకడగా ఉంటుంది. రోజూ చీకట్లో గట్ల మీద నడిచేవారికి కావలసింది ఆ నిలకడే. పైగా వాటిని వందల సార్లు ఛార్జ్ చేసుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు మాత్రమే తీసే టార్చికి ఆల్కలైన్ మేలని అప్పుడు అన్న మాటలో మార్పు లేదు. అవి ఏళ్ల తరబడి శక్తిని నిలుపుకుంటాయి. అయితే లోపలే వదిలేస్తే కారి టార్చిని పాడుచేస్తాయి; విడిగా, పక్కనే ఉంచండి.

అప్పుడు రాయనిది, తప్పక చెప్పవలసినది ఒకటుంది. 14500 అని ముద్రించిన లిథియం అయాన్ బ్యాటరీ చూడటానికి పెన్సిల్ బ్యాటరీలాగే ఉంటుంది, కానీ 3.7 వోల్టులు ఇస్తుంది. టార్చి మీదో, దాని పెట్టె మీదో దానికి అనుమతి ఉందని రాసి ఉంటే తప్ప వేయకండి. లైటు కాలిపోవచ్చు, బ్యాటరీ ప్రమాదకరంగా వేడెక్కవచ్చు.