పాత డాలర్ మీది పత్తి చేను

పాత అమెరికన్ నోట్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా చెక్కడం పనితనం దగ్గరే ఆగిపోతారు. ఉక్కు పలక మీద గీత గీతగా చెక్కిన ఆ బొమ్మలు గొప్పవే, కాదనను. కానీ నోటు మీది బొమ్మ గోడకు తగిలించుకునేది కాదు. ఈ కాగితానికి విలువుంది, నమ్మండి అని చెప్పడానికి వేసేది. అందుకే ముందు అడగాల్సింది, ఎవరిని చూపించి నమ్మమన్నారు అని.

బానిసత్వాన్ని నిలుపుకోడానికి అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ ప్రభుత్వం 1862లో విడుదల చేసిన 100 డాలర్ల నోటు తీసుకోండి. నడిమధ్య పత్తి చేను, అందులో పారలతో కలుపు తవ్వుతున్న నల్లజాతి బానిసలు. ఎడమ పక్క కింద దర్జాగా జాన్ కాల్‌హూన్. బానిసత్వం చెడు కాదు, మంచిదేనని 1837లో సెనేట్‌లో నిలబడి వాదించినాయన. అదే నోటు మీద ఇంకో మాట కూడా ఉంటుంది: రోజుకు 2 సెంట్ల వడ్డీ. తెర మీద పెద్దది చేసి ఆ రెండూ కలిపి చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. నోటు పెట్టెలో ఉన్నా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అది ఎవరి ఒళ్లు హూనమైతే వస్తుందో బొమ్మే చెబుతోంది. దక్షిణాదిలో బానిసల్ని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకునేవారు. పొలం, ఇల్లు, మనిషి అన్నీ ఒకే పద్దు. ఆ సంగతి దాచాలని కూడా వాళ్లకు అనిపించలేదు. మా పూచీ ఇదిగో అని నోటు మధ్యలో పెట్టి చూపించారు.

అది ఓడిపోయిన దక్షిణాది కథ కదా, అమెరికాకేం సంబంధం అనొచ్చు. అయితే 1896కి రండి. ‘ఎడ్యుకేషనల్ సిరీస్’ పేరుతో ఆ ఏడాది వచ్చిన నోట్లంటే సేకర్తలు ప్రాణం పెడతారు. 1 డాలర్ నోటుకు విల్ లో అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. చరిత్ర ఒక స్త్రీమూర్తి. పక్కనున్న కుర్రాడికి దూరాన కనిపించే రాజధాని నగరాన్ని వేలితో చూపిస్తోంది. కుడివైపు రాజ్యాంగం. అంచు చుట్టూ ఆకుల దండల్లో 23 మంది ప్రముఖుల పేర్లు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, లింకన్, ఎమర్సన్... వాళ్ల మధ్యలో మళ్లీ కాల్‌హూన్! బానిసల్ని విడిపించిన లింకన్‌కూ, బానిసత్వం మేలన్న కాల్‌హూన్‌కూ ఒకే రకం దండ. పిల్లవాడికి చెప్పే పాఠంలో ఇద్దరూ మహానుభావులే.

ఆ 23 పేర్లలో ఒక్క ఆడపేరు లేదు, ఒక్క నల్లజాతి పేరు లేదు. బానిసగా పుట్టి, బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ నోటు బయటికొచ్చే నాటికి చనిపోయి ఏడాది దాటింది. బతికున్నవాళ్ల బొమ్మలు వేయకూడదన్న 1866 నాటి చట్టం కూడా ఆయనకు అడ్డం కాదు. అదే 1896లో అమెరికా సుప్రీంకోర్టు నల్లవాళ్లను రైలు పెట్టెలో వేరుగా కూర్చోబెట్టడం తప్పు కాదని తీర్పిచ్చింది. నోటు, తీర్పు ఒకే ఏడాది రావడం నాకైతే కాకతాళీయంగా అనిపించదు. రెండూ ఒకే బుద్ధిలోంచి వచ్చాయి.

ఆనాటి మనుషుల్ని ఈనాటి కళ్లతో చూడకూడదని అంటారు. సరే, ఆనాటి కళ్లతోనే చూద్దాం. డగ్లస్ ఆనాటివాడే. చేలో పార పట్టినవాళ్లూ ఆనాటివాళ్లే. కాలం కాల్‌హూన్ ఒక్కడి సొత్తు కాదు.

1899 నాటి 5 డాలర్ల వెండి సర్టిఫికెట్ (వెండి పూచీతో చెల్లిన నోటు) మీద మాత్రం ఒక ఆదివాసీ నాయకుడు కనిపిస్తాడు. లకోటా ఆదివాసుల్లో హంక్‌పాపా తెగకు చెందిన రన్నింగ్ యాంటిలోప్. ముఖం ఆయనదే గానీ తల మీది ఈకల కిరీటం ఆయనది కాదు, పానీ తెగవాళ్లది. లకోటాలకు పానీలు పాత శత్రువులు. బొమ్మ బాగుంటే చాలు, ఎవరి తల మీద ఎవరి ఈకలుంటే ఏం అనుకున్నారన్నమాట. 1923లో 5 డాలర్ల వెండి సర్టిఫికెట్ మీదికి లింకన్ వచ్చాడు. దేశంలోని ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924లో వచ్చింది. అంటే అన్నేళ్లూ ఆయన ముఖం దేశమంతా చెల్లింది. ఆదివాసుల్లో ఎందరికో మాత్రం దేశంలో చెల్లుబాటు లేదు.

ఇదంతా మ్యూజియంలో పెట్టేసిన సంగతి కాదు. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల పర్సులో 20 డాలర్ల నోటుంటే దాని మీద ఉన్నది ఒకనాటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్. బానిసల యజమాని. ఆదివాసుల్ని వాళ్ల నేల మీంచి తరిమేసిన 1830 చట్టం మీద సంతకం పెట్టినవాడు. ఆయన స్థానంలో హారియట్ టబ్‌మన్‌ను తెస్తామని 2016లో అమెరికా ఆర్థిక శాఖ (ట్రెజరీ) ప్రకటించింది. ప్రకటన వచ్చింది గానీ నోటు రాలేదు.

టబ్‌మన్ బానిసగా పుట్టి, పారిపోయి, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి మనుషుల్ని తప్పించి తెచ్చింది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి నర్సుగా, వేగుగా పనిచేసింది. ఆ సేవకు పెన్షన్ కోసం మూడు దశాబ్దాలకు పైగా తిరిగింది. చివరికి 1899లో, రన్నింగ్ యాంటిలోప్ నోటు సిరీస్ ఏడాదే, ఆమెకు మంజూరైన మొత్తం నెలకు 20 డాలర్లు.