ముక్కు నేలకు రాసిన బండి

మా బండికి 22 ఏళ్లు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉంది. కొత్తలో అదే పెద్ద గొప్ప. ఇప్పుడు లివరు నొక్కితే బండి ఆగదు, ఆలోచిస్తుంది. ఆగాలా వద్దా, ఇంకాస్త ముందుకెళ్లి ఆగితే వచ్చే నష్టమేంటి అని తర్జనభర్జన పడి, చివరికి అది తన సొంత నిర్ణయమైనట్టు ఆగుతుంది. అందుకని నేను సిగ్నల్ కనపడ్డాక కాదు, ముందు ఒక సిగ్నల్ ఉందని గుర్తురాగానే బ్రేకు నొక్కడం అలవాటు చేసుకున్నాను.

ఇక షాకబ్జర్లు. గతుకు ఒకటే, ఊపులు నాలుగు. గతుకు ఎక్కడో వెనకబడిపోయినా బండి మాత్రం ఇంకా తలాడిస్తూనే ఉంటుంది. వెనక కూర్చున్న మా ఆవిడ ఒకరోజు, "ఏవండీ, మనమేం కథ చెప్పడం లేదుగా, ఇదెందుకు ఊకొడుతోంది?" అంది.

అయినా సర్దుకుపోయేవాణ్ణే. ఇంతలో మా బావమరిది వచ్చాడు. వాడి చేతులు ఊరికే ఉండవు, నోరు అసలే ఉండదు. లివరు రెండుసార్లు నొక్కి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని, "బావా, బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు పైపు పోయింది" అన్నాడు.

"కారట్లేదు కదరా?"

"కారక్కర్లేదు. ముసలిదైపోయింది. నువ్వు నొక్కినప్పుడల్లా ఉబ్బుతోంది. నీ బలంలో సగం దాన్ని ఉబ్బించడానికే ఖర్చవుతోంది. డిస్కుని పట్టి ఆపే ప్యాడ్ల దాకా వెళ్లేది మిగతాదే."

వాడు చెప్పేవాటిలో అప్పుడప్పుడు నిజాలు కూడా ఉంటాయి, అదే చిక్కు. స్టీలు తీగ అల్లిన పైపైతే అంత తొందరగా ఉబ్బదు. సరే, పైపు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మూడూ మార్చేద్దామనుకున్నాం.

లివరు దగ్గరుండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే పాత ఆయిల్ కాటుకలా ఉంది. కొత్తప్పుడు అది లేత పసుపు రంగులో ఉండాలి. ఈ ఆయిల్‌కి ఒక దురలవాటుంది, గాల్లోని తేమని తాగేస్తుంది. డాట్ 4 రకమైతే కొత్తలో 230 డిగ్రీల దాకా మరగకూడదు. బాగా తేమ పట్టాక 155కే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలొస్తే లివరు మెత్తబడిపోవడం. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. నేను చివరిసారి ఎప్పుడు మార్చానో గుర్తుచేసుకుందామని చాలాసేపు చూశాను. మార్చి ఉంటే కదా గుర్తుండడానికి!

దానికి రెండో దురలవాటు కూడా ఉంది, పెయింటు తినడం. "ట్యాంకు మీద గుడ్డ కప్పు బావా" అని వాడు అనేసరికే నాలుగు చుక్కలు పడ్డాయి. వెంటనే నీళ్లు పోసి కడిగేస్తే పోయేదట. నేను శుభ్రంగా, ఓపిగ్గా రుద్ది తుడిచాను. ట్యాంకు రంగు గుడ్డకొచ్చింది.

తర్వాత ఎయిర్ తీయడం, అంటే బ్రేక్ ఆయిల్‌లో చిక్కుకున్న గాలిని బయటికి పంపడం. వాడు పానా, సన్నటి ప్లాస్టిక్ గొట్టం, సీసా పట్టుకుని ప్యాడ్లుండే కాలిపర్ పక్కన చతికిలబడ్డాడు. నేను లివరు దగ్గర నిలబడ్డాను. పద్ధతి చిన్నదే. నేను లివరు నొక్కి పట్టుకోవాలి. వాడు కాలిపర్ మీదుండే నిపుల్ అనే చిన్న మరని కాస్త తిప్పితే ఆయిల్‌తో పాటు గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. వాడు నిపుల్ బిగించాకే నేను లివరు వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

"పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను.

"ఆఁ, వదులు చేస్తున్నా" అన్నాడు. నాకు మొదటి మాట వినపడింది. వదిలాను. గొట్టంలో సగం దాకా వచ్చిన బుడగలు గుంపుగా వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోయాయి.

"ఎందుకు వదిలావు?"

"నువ్వే కదరా వదులన్నావు."

"నేనన్నది నిపుల్ వదులు!"

"నిపుల్ నీ చేతిలో ఉంది, నేనెలా వదలను?"

రెండోసారి జాగ్రత్తగా, వాడు వదులన్నా నేను వదల్లేదు. తీరా వాడన్నది లివరునట. మూడోసారి నేను "వదలనా?" అని అడిగితే వాడు "వద్దు" అన్నాడు. నాకది "వదులు" అని వినపడింది. బిగిసింది విప్పడానికీ, పట్టుకున్నది విడవడానికీ ఒకే మాట పెట్టినవాళ్లు జన్మలో బ్రేకులో ఎయిర్ తీసి ఉండరు. ముప్పావుగంట గడిచింది. లివరు మాత్రం ఇంకా స్పాంజి నొక్కినట్టే ఉంది. చివరికి మా అరుపులకి ఆవిడ బయటికొచ్చింది. విషయమంతా విని, "ఒకటంటే మీరు నొక్కండి. రెండంటే నువ్వు తిప్పరా. మూడంటే బిగించు. నాలుగంటే ఈయన తీస్తారు" అంది. తనే అంకెలు చదివింది. పది నిమిషాల్లో లివరు రాయిలా అయింది.

కొత్త ప్యాడ్లు మొదట్లోనే పట్టవు. వేగంగా వెళ్తూ, మెల్లగా నొక్కుతూ డిస్కుతో వాటికి స్నేహం కుదర్చాలి. ఖాళీ రోడ్డు మీద పదిసార్లు అలాగే చేశాను. పదకొండోసారి ఎలా ఉందో చూద్దామని కాస్త గట్టిగా నొక్కాను.

చక్రం ఆగింది. బండి ఆగలేదు. అంటే, ముందుకి కాదు, కిందికి వెళ్లింది. ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే షాకబ్జరు గొట్టాలు, అడుగంటా దిగిపోయి, ఠక్కున కొట్టుకుని, బండి అచ్చంగా ముక్కు నేలకు రాసింది. వెనక కూర్చున్న మా బావమరిది నా వీపెక్కాడు. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలిన చప్పుడుకి రోడ్డవతల వాళ్లు కూడా తిరిగి చూశారు.

"బావా," అన్నాడు నా భుజం మీద నుంచి, "ఫోర్కులు పోయాయి."

అవి పోయి ఎన్నేళ్లయిందో! ఇన్నాళ్లూ బ్రేకు పట్టకపోవడం వల్ల వాటి పరువు నిలబడింది. ఆగితే కదా బరువు ముందుకి పడడానికి! ఒకరి లోపం ఒకరు కప్పిపుచ్చుకుంటూ హాయిగా కాపురం చేసుకుంటున్న రెండు పార్టుల మధ్య మేం చిచ్చుపెట్టాం.

ఫోర్కు గొట్టం లోపల స్ప్రింగు ఉంటుంది, దాన్ని నొక్కిపెట్టి పైన మూత ఉంటుంది. గొట్టం బండికి బిగించి ఉండగానే ఆ మూత కొంచెం వదులు చేసుకోవాలి (మళ్లీ అదే మాట). ఆ సంగతి మాకు గొట్టం ఊడదీశాక తెలిసింది. వాడు దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని పట్టుకున్నాడు. నేను పానాతో తిప్పాను. ఆఖరి మర దాకా ఏమీ కాలేదు. ఆ మర దాటగానే మూత నా చెవి పక్క నుంచి వెళ్లిపోయింది. దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు వెనక ఎన్నో ఏళ్ల ఆయిల్. బూడిద రంగు, కుళ్లిన చేపల వాసన. అది గోడ మీద, మా ఇద్దరి మీద, తీగతో వేలాడదీసిన కాలిపర్‌లోని కొత్త ప్యాడ్ల మీద సమానంగా పడింది.

మా ఆవిడ తలుపు తీసి పైకి చూసింది. "సీలింగ్‌కి కూడా ఆయిల్ మార్చారా?" అని తలుపేసుకుంది.

ఆయిల్ తాగిన ప్యాడ్లు పనికిరావు. మళ్లీ కొత్తవి. ఫోర్కులకి గట్టి స్ప్రింగులు, కొత్త సీళ్లు, కొత్త ఆయిల్. 10 నంబరు వెయ్యాల్సిన చోట, చిక్కగా ఉంటే మంచిదేగా అని వాడు 20 పోయించాడు. మొదటి గతుకు మీదే నా దంతాలు టకటకలాడాయి. ఊకొట్టే బండి కాస్తా మాట వినని బండి అయింది. అదంతా పారబోసి మళ్లీ 10 పోశాం.

వెనక షాకబ్జర్లు కూడా మార్చాం. కొత్తవి పాతవాటికన్నా ఒక అంగుళం పొడుగు. "పర్లేదు బావా, ఎత్తుగా ఉంటే స్టయిలు" అన్నాడు. స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది, దాన్ని ఆఖరి మెట్టుకి పెట్టేశాడు. అలా చేస్తే స్ప్రింగు గట్టిపడుతుందని వాడి నమ్మకం. స్ప్రింగు ఎంత గట్టిదో అంతే ఉంటుంది, బండి మాత్రం పైకి లేస్తుంది. మనిషి కూర్చుంటే షాకబ్జరు పైకీ కిందికీ కదిలే మొత్తం ఆటలో సుమారు మూడో వంతు కిందికి దిగాలని ఎక్కడో చదివి, టేపు తెచ్చి కొలిచాం. ఆవిడే అంకెలు రాసుకుంది. నేనెక్కగానే, వాడు ఆఖరి మెట్టుకి పెట్టినా సరే, సగం ఆట దిగిపోయింది. ఆవిడ కాగితం కేసి, నా పొట్ట కేసి మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మొత్తానికి ఆ ఆదివారం సాయంత్రానికి బండి సిద్ధమైంది. నడిపి చూశాను. నొక్కిన చోట ఆగుతోంది. ముక్కు రాయడం లేదు, ఊకొట్టడం లేదు. 22 ఏళ్లలో ఎన్నడూ ఇంత బుద్ధిగా లేదు. తెచ్చి సైడ్ స్టాండ్ వేసి, ముగ్గురం నాలుగడుగులు వెనక్కి జరిగి చూసుకుంటున్నాం.

వెనకభాగం ఎత్తు పెరిగింది కానీ, సైడ్ స్టాండ్ పొడవు పెరగలేదు. నేను దిగాక బండి ఇంకాస్త లేచింది. ఆ స్టాండ్‌కి అందేదాకా వాలాలి కాబట్టి బండి వాలింది, ఎప్పటికన్నా ఎక్కువగా వాలింది, ఒక క్షణం ఆగి మమ్మల్ని చూసింది, ఎడమపక్కకి పడుకుంది. ఠప్‌మని ఒక్క చప్పుడు.

లేపి చూస్తే పెద్దగా ఏమీ కాలేదు. కొత్త బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి, షాకులు భేషుగ్గా ఉన్నాయి. క్లచ్ లివరు మాత్రం మొదలంటా విరిగి నేల మీద ఉంది. మా బావమరిది దాన్ని తీసి, దుమ్ము ఊది, నా చేతిలో పెట్టాడు.

"ఏం పర్లేదు బావా," అన్నాడు, "ఆగడానికైతే బండికి ఇంక ఏ లోటూ లేదు."