ఏడాదికి ఒక్క వారాంతమేనట

2014లో అలైన్ డ్యూకాస్, మిషెల్ గెరార్ వంటి ఫ్రాన్సు మహా వంటగాళ్ళు ప్రభుత్వానికి ఒక విన్నపం పెట్టుకున్నారు. సంవత్సరంలో ఒక్క వారాంతం, ఎక్కువేమీ అక్కర్లేదు, వేట నిషేధంలో ఉన్న ఆర్టొలాన్ అనే చిన్న వలస పిట్టను బాహాటంగా వండి వడ్డించనివ్వాలట. ఇంత మితంగా అడిగేవారిని కాదనడానికి మనసెలా ఒప్పుతుంది?

పైగా అది సామాన్యమైన వంట కాదు. వేసవి చివర దక్షిణానికి పోతూ నైరుతి ఫ్రాన్సులోని లాండ్ ప్రాంతంలో వాలిన పిట్టను చిన్న తీగబోనులో పట్టాలి. పాతిక గ్రాములైనా తూగని ఆ ప్రాణిని వారాల తరబడి చీకట్లో ఉంచి, గింజలు మేపి, కొవ్వెక్కించాలి. ఆపైన ఆర్మన్యాక్ బ్రాందీలో ముంచి చంపి, కోయకుండా మొత్తంగా కాల్చాలి. అప్పుడు పెద్దమనుషులు తలమీద తెల్లని రుమాలు కప్పుకుని, ఎముకలతో సహా పిట్టను నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లుల్లా నములుతారు. రుమాలు సువాసన చెదరకుండా ఉండటానికని కొందరు, దేవుడి కంటపడకుండా ఉండటానికని మరికొందరు చెబుతారు. దేవుడి మాట ఏమోగానీ, ఎదుటివాడి గడ్డం మీద కారుతున్న కొవ్వు మాత్రం కనబడదు కాబట్టి ఆ ఏర్పాటు మర్యాదకరమైనదే. మాజీ అధ్యక్షుడు మిత్తెరాఁ 1995 చివరి రాత్రి, మరణానికి వారం రోజుల ముందు, ఇదే విందు ఆరగించాడని ప్రతీతి. ఇక సంప్రదాయానికి అంతకు మించిన ప్రామాణ్యం ఏం కావాలి?

ఐరోపా పక్షుల రక్షణ నిర్దేశం 1979లోనే వచ్చింది. దాన్ని ఆర్టొలాన్ దాకా తీసుకురావడానికి ఫ్రాన్సుకు 1999 వరకు తీరిక దొరకలేదు. ఆ తరువాత కూడా బోనులను చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు, 2016లో ఐరోపా కమిషన్ ఆ దేశాన్ని కోర్టుకెక్కించవలసి వచ్చింది. తొందరపాటు మంచిది కాదు కదా.

పిట్టల తగ్గుదలకు తామొక్కరే కారణం కాదని, సేద్యం తీరు మారడమే అసలు కారణమని వేటగాళ్ళ వాదన. సేద్యమూ కారణమేనన్నది నిజమే. అయితే పొలంలో గూడు కరువై, అయినా ఎలాగో పిల్లలను లేపి, ఆఫ్రికాకు బయలుదేరిన పిట్టకు దారిలో బోను పెట్టడం సమర్థనీయం ఎలా అవుతుంది? 1980 నుంచి ఐరోపాలో ఈ జాతి నాలుగింట మూడు వంతులకు పైగా నశించింది. లాండ్ బోనులో పడేది ఫ్రాన్సు పెంచిన పిట్ట కాదు. పోలండ్, జర్మనీ, స్వీడన్ పొలాల్లో గుడ్డు పగిలి పుట్టినది. వాళ్ళు కాపాడుకుంటున్నదాన్ని దారికాచి పట్టి, దానికి వారసత్వమని పేరు పెట్టుకోవడం సిగ్గులేనితనం, అంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు.

అనుమతి అడగదలచిన పాకప్రవీణులు ముందుగా, ఈ పిట్ట దాదాపు తుడిచిపెట్టుకుపోయిన నార్వేకు వెళ్ళి, ఇంకా కూస్తున్న మగపిట్టలెన్నో లెక్కపెట్టి, ఆ తరువాత తమ విందుకు ఎన్ని పళ్ళేలు వేయాలో తేల్చుకోవచ్చు.